ఐదు గంటల లైటు

మా వీధిలో పాలు పోసే ఆయన పోయిన నెల బండి మార్చాడు. కొత్తది కొన్నాడనుకునేరు, కాదు. ఎవరో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నట్టుంది. దాని సైలెన్సర్ ఊడిపోయి ఎన్నేళ్ళయిందో! మొదటి రోజు తెల్లవారుజామున ఆ డబడబలు వీధి మలుపులో వినిపించగానే నేను దుప్పటి విసిరేసి, గోడ తడుముకుంటూ వెళ్ళి లైటు వేసి, మంచం మీద మఠం వేసుక్కూర్చుని, చేతికందిన కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అది గ్యాసు రసీదు. మా ఆయన ఉలిక్కిపడి లేచి "ఏమైంది? ఎవరికేమైంది?" అని కంగారుపడ్డాడు. నలభై దాటిన ఆడది, ఒక కంపెనీలో స్టోర్స్ మొత్తం చూసుకునే మనిషి, ఐదింటికి లేచి గ్యాసు రసీదు ఎందుకు చదువుతోందో ఆయనకెలా చెప్పను? చెప్పాలంటే తిమ్మరాయప్ప సార్ గురించి చెప్పాలి. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పడం కష్టమే. అయినా చెబుతాను.

హోసూరులో మా హైస్కూల్లో తెలుగు మీడియం పదో తరగతి అంటే ఇరవై ముగ్గురం. పక్క గదుల్లో తమిళ మీడియం పిల్లలు కిక్కిరిసి కూర్చుంటే, మేము ముహూర్తానికి చాలా ముందే వచ్చేసిన పెళ్ళివారిలా బెంచీకి ఇద్దరు చొప్పున విశాలంగా కూర్చునేవాళ్ళం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం మాట్లాడే పిల్లలం. తొంభైల చివరి రోజులవి. తిమ్మరాయప్ప సార్ మాకు క్లాసు టీచరు, చరిత్ర, భూగోళం చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చలికాలం పోయి ఏప్రిల్ ఎండలు వచ్చినా తలమీద మంకీ క్యాపు తీసేవారు కాదు. ప్రపంచ పటంలో దేశాలను గొడుగు కొనతో చూపించేవారు. ఆ పొడుపులకు ఆఫ్రికా నడుమ చిన్న బొక్క పడింది. ఆ బొక్క ఏదో దేశానికి రాజధాని అని మత్తిగిరి మునికృష్ణ చాలా రోజులు నమ్మాడు. ఒక పరీక్షలో గుర్తించాడు కూడా.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలంటే ఊరంతటికీ భయమే కానీ సార్‌కు అది జాతర లాంటిది. దసరా సెలవులు అయిన మర్నాడు ఆయన బల్లమీద గొడుగు పెట్టి ప్రకటించారు. "చూడండప్పా, చూడండమ్మా. రేపటినుంచి పొద్దున ఐదుకు నేను మీ వీధుల్లోకి వస్తాను. ఎవరింట్లో లైటు ఉంటే వాళ్ళు చదువుతా ఉండారని రాసుకుంటాను. లైటు లేకపోతే తలుపు తడతాను. తలుపు తడితే మీ అమ్మ లేస్తాది, మీ నాయన లేస్తాడు, పక్కింటోళ్ళు లేస్తారు. మర్యాద పోయేది మీకే."

మునికృష్ణ లేచి నిలబడి, "సార్, ఏ రోజు ఏ వీధికి వస్తారు సార్?" అన్నాడు చాలా వినయంగా.

"అది నీకు చెప్పినాక నేనేంటికప్పా వచ్చేది?"

అన్నమాట ప్రకారం వచ్చారు. ఒక రోజు మత్తిగిరి, ఒక రోజు మూకండపల్లి, ఒక రోజు ఊరి నడుమ. ఆ చలిలో, మంచులో, మోపెడ్ మీద, మంకీ క్యాపు మీద మఫ్లర్ చుట్టుకుని వచ్చేవారు. అయితే ఆ మోపెడ్‌కు సైలెన్సర్ లేదు. ఆయన మూడు వీధుల అవతల ఉండగానే మా వీధి కుక్కలు మొరిగేవి. మలుపులో బండి ఆపి, నడుచుకుంటూ ఇళ్ళ ముందుకు వచ్చేవారు. దొంగను పట్టుకోవడానికి డప్పు కొట్టుకుంటూ వచ్చే పోలీసు ఈయనొక్కడే అని మేము నవ్వుకునేవాళ్ళం. డబడబ వినపడగానే లేచి లైటు వేయడం, మళ్ళీ పడుకోవడం, అంతే కదా! మునికృష్ణ అంత శ్రమ కూడా పడలేదు. స్విచ్చికి పురికొస కట్టి మంచం దాకా తెచ్చుకున్నాడు. పడుకునే లాగేవాడు.

తెల్లవారుజామున మమ్మల్ని కాపలా కాసిన సార్‌కు మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో నిద్ర ఆగేది కాదు. "చదువుకోండప్పా" అని కుర్చీలో వెనక్కి వాలితే అంతే. అప్పుడు మేము ఆయనకు కాపలా. ప్రపంచ పటాన్ని కర్రతో సహా ఆయన ముందు నిలబెట్టేవాళ్ళం. మాట్లాడితే సార్ లేస్తారని ఇరవై ముగ్గురం కుక్కిన పేనుల్లా కూర్చునేవాళ్ళం. హెడ్మాస్టరు వరండాలో పోతూ తొంగిచూసి, ఈ స్కూల్లో క్రమశిక్షణ ఉన్నది తెలుగు మీడియంలోనే అని ప్రార్థనలో అందరిముందూ పొగిడారు. పటం వెనక మనిషి ఉన్నాడని ఆయనకు తెలియదు.

నవ్వులు సరే, నాకు మాత్రం ఆ పరీక్షలంటే నిజంగానే భయం. మా నాన్న మూకండపల్లిలో ఫ్యాక్టరీ ఉద్యోగి. చెడ్డవాడు కాదు. కానీ నా మార్కులు చూసినప్పుడల్లా ఒకే మాట. "తప్పితే తప్పినావు పోనీ. ప్యాకింగ్ సెక్షన్‌లో మాట్లాడి పెట్టినాను." ఆ 'మాట్లాడి పెట్టినాను' వింటే నాకు ముద్ద దిగేది కాదు. బస్టాండులో కృష్ణగిరి బస్సు కోసం సంచులు భుజాన వేసుకుని నిలబడే కాలేజీ అమ్మాయిలను చూసినప్పుడల్లా నేనూ ఒక రోజు ఆ బస్సెక్కాలని ఉండేది. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు చీమల్లా పాకేవి. ఒక పేజీ పదిసార్లు చదివినా పదకొండోసారి కొత్తగానే ఉండేది. ఏడుపొచ్చేది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదాన్ని.

డిసెంబరులో సార్ రూలు మార్చారు. మునికృష్ణ ఇంట్లో తెల్లారి ఏడింటికి కూడా లైటు వెలుగుతూ ఉండటం, వాడి గురక వీధిలోకి వినిపించడం ఒకేసారి గమనించారట. "లైటు చాలదప్పా. ఇంకమీదట నాకు శబ్దం వినపడాల. గట్టిగా చదవండి. కిటికీ కాడ నిలబడి వింటాను." తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఆ రెండోవాణ్ణి నేనే అనుకున్నాను. నాన్న బోనస్‌లో కొన్న టేపు రికార్డరు ఉంది. సామల్పట్టి నుంచి వచ్చినప్పుడు అవ్వ మరిచిపోయిన భజన క్యాసెట్ ఉంది. ఒక ఆదివారం తలుపేసుకుని చరిత్ర పాఠాలు గట్టిగా చదివి అవ్వ భజన మీద రికార్డు చేసేశాను. ప్లగ్గు పాయింటు నాన్న పడుకునే హాల్లో ఉంది కనుక సెల్లులు వేశాను. డబడబ వినపడగానే లైటు, బటను, దుప్పటి. అంతే!

మూడో రోజు సార్ క్లాసులో నన్ను లేపి నిలబెట్టారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఈ నాగరత్నను చూసి నేర్చుకోండి. ఒక్క గుక్కలో ఎట్లా చదువుతాదో! చదువు అయినాక భజన కూడా వింటాది." క్యాసెట్ చివర్లో చెరిగిపోని భజన కొంచెం మిగిలి ఉందని నాకప్పుడు గుర్తొచ్చింది. తలొంచుకున్నాను. అది వినయం అనుకున్నారు పాపం.

జనవరిలో దొరికిపోయాను. ఆ వారం నాన్నకు రాత్రి షిఫ్టు. ఎప్పటిలాగే లైటు వేసి, బటను నొక్కి, కాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. కాసేపటికి కరెంటు పోయింది. కళ్ళు మూసుకున్నదానికి కరెంటు ఉంటేనేం, పోతేనేం? తర్వాత జరిగింది అమ్మ చెబితే తెలిసింది. అమ్మ చీపురు పట్టుకుని వాకిట్లో ఉందట. సార్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారట. వీధంతా చీకటి, లోపల మాత్రం నా గొంతు ఆగకుండా పారిశ్రామిక విప్లవం చదువుతోంది. సార్ మఫ్లర్‌తో కళ్ళు తుడుచుకున్నారట.

"చూడమ్మా, కరెంటు పోయినా మీ పాప ఆపలేదు. పుస్తకమంతా నోటికొచ్చేసింది. నా సర్వీసులో ఇట్లాంటి బిడ్డను చూడలేదు."

అమ్మ సంతోషంతో పొంగిపోయిందట. సరిగ్గా అప్పుడే సెల్లులు అయిపోవడం మొదలైంది. "యంత్రములు వచ్చుటవలన" అనే మాట ముందు బద్ధకంగా, తర్వాత బరువుగా సాగింది. నా గొంతు మగవాడి గొంతు అయింది. తర్వాత ముసలాయన గొంతు అయింది. ఆ తర్వాత మత్తిగిరి పశువుల ఫారంలో ఎద్దు గొంతు అయింది. సార్ అదిరిపోయారు. "అమ్మా! పాపకేమో అయిపోయింది! గొంతు పడిపోతా ఉంది! లోపలికి పదమ్మా!" అంటూ చెప్పులతోనే ఇంట్లోకి పరుగెత్తారు. అమ్మ కొవ్వొత్తి వెలిగించింది. నా నోరు తెరిచే ఉందట. అందులోంచి వస్తున్నది గురక మాత్రమే. విప్లవం తలగడ పక్కనుంచి వస్తోంది.

నేను కళ్ళు తెరిచేసరికి ఒక పక్క మంకీ క్యాపు, ఇంకో పక్క చీపురు. అమ్మ చీపురు ఎత్తింది. "ఉండమ్మా, కొట్టొద్దు" అని సార్ అడ్డం వచ్చారు. టేపు రికార్డరు బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి, చివరికి క్యాసెట్ బయటికి తీసి కోటు జేబులో వేసుకున్నారు. అమ్మ ఏడుపు గొంతుతో, "వాళ్ళ నాయనకు చెప్పొద్దండి సార్. తెలిస్తే రేపే ప్యాకింగ్‌కు పంపించేస్తాడు" అంది.

"నేను చెప్పనమ్మా. పరీక్ష కాగితమే చెప్తాది" అని వెళ్ళిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ వారమంతా క్లాసులో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ వారమే రివిజన్ పరీక్ష. పేపర్లు ఇచ్చే రోజు సార్ నాది ఇవ్వకుండా, సాయంత్రం వరండాలోకి రమ్మన్నారు. కాగితం నా ముందు పెట్టారు. పారిశ్రామిక విప్లవం ఫలితాల గురించి నేను రాసిన జవాబులో ఇలా ఉంది: "యంత్రములు వచ్చుటవలన చేతివృత్తులవారు జీవనాధారము కోల్పోయిరి. పాలు పొంగిపోతా ఉండాయి. పట్టణములలో జనాభా పెరిగెను." దాని పక్కన ఎర్ర సిరాతో సార్ దస్తూరి: "స్టవ్ ఆర్పినావా?"

"ఇది ఎవరి మాట?" అన్నారు.

"మా అమ్మది సార్."

"ఆ విప్లవంలోకి మీ అమ్మ యాడనుంచి వచ్చింది?"

చెప్పక తప్పలేదు. ఆ ఆదివారం నేను రికార్డు చేస్తుంటే అమ్మ పెరట్లోంచి, "ఏమే నాగూ, పాలు పొంగిపోతా ఉండాయి, స్టవ్ ఆర్పే!" అని అరిచింది. అదీ క్యాసెట్‌లో పడింది. మళ్ళీ మొదటినుంచి చదివే ఓపిక లేక వదిలేశాను.  సార్ జేబులోంచి క్యాసెట్ తీశారు. "నేనూ ఇంట్లో పెట్టి విన్నాను. ఆ మాట కాడికి వచ్చేసరికి మా ఇంటామె లేచి వంటింట్లోకి పరుగెత్తింది."

నాకు నవ్వు రాబోయి ఆగింది. సార్ నవ్వడం లేదు. కాగితం తిప్పుతున్నారు. "మిగిలిందంతా తప్పు లేకుండా రాసినావు. అచ్చం పుస్తకం. ఎప్పుడు చదివినావు?"

"చదవలేదు సార్. రోజూ వినపడేది. నిద్రలో."

ఆయన మంకీ క్యాపు తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. ఆయన తల చూడటం నాకదే మొదటిసారి. "కండ్లతో చదివితే నీకు ఎక్కదు పాపా. చెవితో వింటే ఎక్కుతాది. పుస్తకం ముందేసుకుని నువ్వు ఎంత ఏడ్చి ఉంటావో! నాలుగు నెలలు మీ ఇండ్ల కాడికి వచ్చినాను గానీ, ఇది నేను చూసుకోలేదు. తప్పు నాదే." ఆ మాటకు నేను భోరున ఏడ్చాను. మొద్దు, సోమరి, దేనికీ పనికిరాదు, ఇవన్నీ విన్నదాన్నే. తప్పు నాదే అని ఒక పెద్దమనిషి నాతో అనడం అంతవరకూ వినలేదు. ఆయన క్యాసెట్ నా చేతిలో పెట్టి, "అన్ని పాఠాలూ రికార్డు చెయ్యి. మేలుకొని విను. ఈ తూరి పాలు దించి పెట్టి మొదలుపెట్టు" అన్నారు. పాలకు మాత్రం అరమార్కు కోసేశారు.

అప్పటినుంచి ఐదు గంటలకు నిజంగానే మేలుకున్నాను. నాకు వినడానికని క్లాసులో తలా ఒక పాఠం చదివి రికార్డు చేసి ఇచ్చారు. మునికృష్ణ భూగోళం చదివాడు. వాడి ఇల్లు ఫారం గోడకు ఆనుకునే ఉంటుంది. నైరుతి రుతుపవనాలు వచ్చిన చోటల్లా వెనకాల ఒక ఆవు అరిచేది. ఇప్పటికీ టీవీలో రుతుపవనాల వార్త వస్తే నాకు ఆవు వినిపిస్తుంది.

పరీక్షల సెలవులకు ముందు ఆఖరి రోజు మా బ్యాచ్ అంతా కలిసి సార్‌కు బహుమతి ఇచ్చాం. రంగు కాగితం చుట్టిన పొడుగాటి వస్తువు. విప్పి చూసి, "ఏమప్పా ఇది, ఫిరంగి గొట్టమా?" అన్నారు. మోపెడ్‌కు కొత్త సైలెన్సర్. మునికృష్ణ ఆలోచన అది. సార్ పకపకా నవ్వారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "దీన్ని తీసేసింది నేనే కదప్పా!" అన్నారు.

మేము నోళ్ళు తెరిచాం.

"ఇరవై ఇండ్ల తలుపులు తట్టేదానికి నాకు ఓపిక యాడ ఉంది? బండి అరిస్తే మీరే లేస్తారు. నన్ను మోసం చేసేదానికన్నా లేస్తారు కదా. లేచినాక చదివేది, చదవనిది మీ పుణ్యం."

అన్ని నెలలూ ఆయనను చూసి నవ్వుకున్నవాళ్ళం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నేను ఉండబట్టలేక, "మరి లేచి మళ్ళీ పడుకుంటే సార్?" అన్నాను.

"దానికి మందు లేదమ్మా. సెల్లులు అయిపోవాల్సిందే."

పబ్లిక్ పరీక్షలో పారిశ్రామిక విప్లవమే వచ్చింది. 'జీవనాధారము కోల్పోయిరి' దాకా రాసి పెన్ను పైకెత్తాను. చెవిలో అమ్మ అరిచింది. అరవనిచ్చాను. పాలు పొంగనిచ్చాను. తర్వాతే తరువాతి వాక్యం మొదలుపెట్టాను. నాలో నేనే నవ్వుకుంటున్నానని హాల్లో ఉన్న టీచరు కోప్పడింది.

ఫలితాలు వచ్చే రోజు ముందు రాత్రి నాన్న మళ్ళీ గుర్తుచేశాడు, మాట్లాడి పెట్టినానని. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. తెల్లవారుజామున డబడబ వినిపించింది. మేమిచ్చిన సైలెన్సర్ ఆయన బిగించుకోనే లేదు. పరీక్షలు అయిపోయి రెండు నెలలు. అయినా నా కాళ్ళు వాటంతటవే లేచాయి. చెయ్యి లైటు వేసింది. అలవాటు ప్రకారం మలుపులో ఆగాల్సిన బండి ఆ రోజు ఆగలేదు. కుక్కలను వెంటేసుకుని మా వాకిట్లోకే వచ్చింది. నాన్న తలుపు తీశాడు. మంకీ క్యాపు, మఫ్లర్, చంకలో మొదటి బస్సుకొచ్చిన పేపరు.

"ఏమైంది సార్?" అన్నాడు నాన్న. పట్టుకున్న తలుపు గడియ వదల్లేదు. అప్పుడే తెలిసింది నాకు, ఆయనకూ భయమేనని.

"లైటు వేసింది కదప్పా. పాసైపోయింది!"

నాన్న పేపరు తీసుకుని నా నంబరును వేలితో రెండుసార్లు తడిమి చూశాడు. "ప్యాకింగ్‌లో మాట్లాడి పెట్టినాను సార్..." అన్నాడు, ఇప్పుడేం చేయాలో తోచనట్టు.

"ఆ మాట వెనక్కి తీసుకోప్పా. పాప కృష్ణగిరి దాకా పోవాల్సిన పాప."

అమ్మ కాఫీకి పొయ్యి వెలిగించి, వచ్చి తలుపు పక్కన నిలబడి ఏడుస్తోంది. నేను ఏడుస్తున్నాను. నాన్న పేపరు మడవడం, విప్పడం, మళ్ళీ మడవడం. ఎవరికీ ఒళ్ళు తెలియడం లేదు. అందరికన్నా ముందు తెలివి తెచ్చుకున్నది సారే. వంటింటి వైపు చూసి గట్టిగా అరిచారు. "అమ్మా, పాలు పొంగిపోతా ఉండాయి! స్టవ్ ఆర్పమ్మా!"

ఆ రోజు మేము నల్ల కాఫీ తాగాం. హోసూరులోనే ప్లస్ టూ పూర్తిచేసి, తర్వాత మూడేళ్ళు కృష్ణగిరి బస్సెక్కాను. చెవిలో పాఠాలు పెట్టుకుని వెళ్ళాను. ఇప్పుడు కూడా మా స్టోర్స్‌లో కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా కాగితం చూసి బిక్కమొహం వేస్తే, నేను తిట్టను. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తాను. అర్థం కాకపోతే తప్పు నాదే అంటాను. అంటే పోయేదేముంది?

నాలుగేళ్ళ కింద సార్ పోయారు. మట్టిచేసి వచ్చిన మర్నాడు, పొద్దున సరిగ్గా ఐదింటికి, ఫోన్లో మా బ్యాచ్ గ్రూపులో మునికృష్ణ రెండు మాటలు పెట్టాడు. "లైటు వేసినాను." కాసేపటికి ఇంకొకరు. "వేసినాను." తర్వాత ఇంకొకరు. దుబాయి నుంచి ఒకడు, అక్కడ ఇంకా చీకటేనని చెప్పి మరీ వేశాడు. ఇరవై రెండు లైట్లు అయ్యాయి. నేను దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి, "వేసినాను సార్" అని టైపు చేసి, ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

గదంతా చీకటి. ఒక నిమిషం ఓర్చుకున్నాను. నా వల్ల కాలేదు. లేచి వెళ్ళి వేశాను.